పెరటి దారి

రత్తయ్య మంచం పక్కన నిలబడి, ఎక్కడ పట్టుకోవాలో తెలియక రావమ్మ వంకా మాణిక్యమ్మ వంకా మార్చి మార్చి చూశాడు. స్పేర్ పార్టుల కొట్లో లారీ కమాను కట్టలను అవలీలగా భుజాన వేసుకునే మనిషి అతను. యజమాని బసవపున్నయ్య, తుంటి విరిగి మంచాన పడ్డ తన తల్లి రావమ్మను కుర్చీలో కూర్చోబెట్టి రమ్మని పంపగా వచ్చాడు. ఇనుముకు నొప్పి ఉండదన్న ధైర్యం ఇక్కడ పనికిరాదని అతనికి అప్పుడే అర్థమైనట్టుంది.

"చంకల కింద చెయ్యి వెయ్యి. తుంటి కదలకూడదు, మెల్లిగా," అంది బసవపున్నయ్య భార్య మాణిక్యమ్మ.

రత్తయ్య ఊపిరి బిగించి "హుప్" అన్నాడు. ఆ చప్పుడుకు రావమ్మ ఒళ్ళంతా కొయ్యబారింది. బిగుసుకున్న మనిషిని ఎత్తబోయేసరికి విరిగిన తుంటి మెలి తిరిగింది.

"చంపావురా! దించు, దించవోయ్ నీ చేతులు పడ!" అని ముసలావిడ కేక పెట్టింది. రత్తయ్య ఆమెను మంచం మీదకు జారవిడిచి రెండడుగులు వెనక్కి వేశాడు. "నా వల్ల కాదండి. బేరింగులైతే ఎన్నైనా మోస్తాను గాని..." అంటూ నుదురు తుడుచుకున్నాడు.

"శౌరయ్యను పిలవక వీణ్ణెవరు రమ్మన్నారే?" అంది రావమ్మ, కళ్ళు మూసుకునే.

"శౌరయ్య పోయాడు గదా అత్తయ్యా. మొన్ననే గదా సమాధి చేసింది."

"పోయాడని నాకు తెలుసే. నాకు మతిపోయిందనుకున్నావా? వీణ్ణెవరు రమ్మన్నారనే అడుగుతున్నా."

పక్కింటి వడ్రంగి శౌరయ్య ఎత్తేటప్పుడు ఇలా ఉండేది కాదు. ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డుకు వెళ్ళబోయే ముందు ఒకసారి, తిరిగి వచ్చాక ఒకసారి, పెరటి గోడలోని గండి దాటి వచ్చేవాడు. ఒక చెయ్యి రెక్కల కిందా, ఒక చెయ్యి మోకాళ్ళ కిందా వేసి, ముసలావిడ ఊపిరి వదిలేదాకా ఊరికే ఉండేవాడు. "యేసు" అనగానే ఆమె చెయ్యి అతని మెడ చుట్టూ పడేది. "మరియమ్మ" అనగానే బరువు మంచాన్ని వదిలి అతని మీదికి వచ్చేది. "జోజప్ప" అనేసరికి ఆమె కుర్చీలో ఉండేది. షెడ్డులో లారీ పక్క చెక్కలను నలుగురూ ఒక్క ఊపిరిన లేపడానికి అతను పెట్టిన పిలుపు అది. ఆ నలుగురిలో ముగ్గురు హనుమంతుడికి దండం పెట్టుకునేవాళ్ళే అయినా, చెక్క మాత్రం జోజప్ప పేరు మీదనే లేచేదని చెప్పి అతను నవ్వేవాడు. "యేసును పెంచిన తండ్రి, ఆయనా వడ్రంగే గదండీ, పని తెలుసు," అనేవాడు.

కుర్చీలో కూర్చోబెట్టాక మాణిక్యమ్మ గూట్లోంచి నీళ్ళ చెంబు తెచ్చేది. రావమ్మ వేళ్ళు ముంచి నెత్తిన చల్లుకునేది. "చల్లుకోండి పెద్దమ్మగారూ, ఈ ఎండలకు హాయిగా ఉంటుంది. రెండు చుక్కలు ఇటు కూడా విసరండి, పుణ్యముంటుంది," అని శౌరయ్య తల వంచేవాడు. రావమ్మ నవ్వేది, మాణిక్యమ్మ నవ్వేది, గోడకవతల అంట్లు తోముతున్న అతని భార్య అమలమ్మ నవ్విందో లేదో ఎవరూ చూడలేదు.

రత్తయ్య వెళ్ళిపోయాక పెరట్లో దబదబమని చప్పుడైంది. మాణిక్యమ్మ వసారాలోకి వచ్చి చూసింది. గండికి అవతల ఒంటెద్దు బండి నుంచి ఇటుకలు దింపుతున్నారు. తాపీ మేస్త్రి జక్కయ్య గండి అంచులకు పూసిన సిమెంటును ఉలితో చెక్కుతున్నాడు. శౌరయ్య అడుగున గడపలా పరిచిన టేకు పలక పైకి లేచి గోడకు ఆనించి ఉంది.

"ఏం కడుతున్నావయ్యా?"

"ఈ గండి మూసెయ్యమన్నారండి. ఆదివారం ఏడోనాటి పూజకు చుట్టాలొచ్చేలోగా అయిపోవాలంట."

"ఎవరన్నారు?"

"అమలమ్మగారేనండి," అన్నాడు జక్కయ్య, ఇందులో అడగవలసింది ఏముందన్నట్టు. "ఎండలు బాగా కాస్తున్నయ్యి. ఇట్టే బిగిసిపోద్ది."

ఒక పని జరిగిందంటే దాని వెనక మరొక పని ఉండి తీరుతుందని మాణిక్యమ్మకు గట్టి నమ్మకం. పాలు విరిగితే గిన్నె కడిగిన చెయ్యిని వెతుకుతుంది. కాబట్టి ఇటుకలను చూసినప్పటి నుంచి ఆమెకు నిలకడ లేకపోయింది. బియ్యం ఏరుతూ లేచి వసారాలోకి వెళ్ళింది. వెళ్ళి, జక్కయ్య సున్నం, ఇసుక కలుపుతుండటం చూసి వెనక్కి వచ్చింది. వచ్చి, ఏరిన బియ్యంలోనే ఏరని బియ్యం పోసుకుంది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన బసవపున్నయ్య విషయం విని ముద్ద చేతిలో పట్టుకునే విసుక్కున్నాడు. "గోడ ఉమ్మడిది. మనతో ఒక్కమాటైనా చెప్పకుండా ఎట్టా కడుతుంది?"

"గోడ సంగతి కాదండీ నేననేది. ఎందుకు కడుతున్నట్టు?"

"మొగుడు పోయిన మనిషి. పెరడు బార్లా తెరిచి ఉంటే భయం వెయ్యదా?"

"ఆ గండి తెరుచుకునేది మన పెరట్లోకే గదా. ఎవరంటే భయం?"

బసవపున్నయ్య ముద్ద మింగాడు. మజ్జిగ పొయ్యమన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, "అసలు ఆ గండి కొట్టమన్నది నేనే గదా. అమ్మ పడ్డప్పుడు, వీధంతా చుట్టి రావడం దేనికి శౌరయ్యా, ఇటు నుంచి ఇటే వచ్చెయ్యి అన్నాను. అతని మేలు కోసమే అన్నాను," అన్నాడు. ఎవరూ ఆయనను తప్పు పట్టలేదు. అయినా అన్నాడు.

మాణిక్యమ్మ వెతుకులాట అంతటితో ఆగలేదు. చావు జరిగిన రోజు పొయ్యి వెలిగించకూడదని ఆ ఇంటికి అన్నం, పప్పు తనే వండి పంపింది. అందులో లోపం లేదు. ఆటోనగర్ షెడ్డులో గుండె పట్టుకుని కూలబడ్డవాణ్ణి రిక్షాలో ఇంటికి తెచ్చినప్పుడు అందరికంటే ముందు పరుగెత్తింది తనే. అమలమ్మ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది తనే. శవపేటిక చర్చికి బయలుదేరేదాకా ఉండి, ఆ తర్వాత గండి దాటి ఇంటికి వచ్చింది. వచ్చి...

అక్కడ ఆమె ఆలోచన ఆగింది. వచ్చి, పెరట్లో బోరింగు పంపు కింద కూర్చుని, కట్టుకున్న చీరతోనే తల మీదుగా బకెట్ల కొద్దీ పోసుకుంది. చావు ఇంటి నుంచి వస్తే ఎవరైనా చేసేదే. పంపు గండికి ఎదురుగానే ఉంది. తడి జుట్టు పిండుకుంటూ తలెత్తేసరికి, మరచిపోయిన జపమాల కోసం మధ్యలో వెనక్కి వచ్చిన అమలమ్మ గండికి అవతల నిలబడి ఉంది. ఇద్దరి చూపులూ కలిశాయి. అమలమ్మ జపమాల చేతికి చుట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు గండి అడుగున తొలివరసలు లేచాయి. ఇసుక కుప్ప అడ్డంగా ఉండటం వల్ల మాణిక్యమ్మ వీధిలోంచి చుట్టి అమలమ్మ ఇంటికి వెళ్ళింది. అరుగు మీద గన్నవరం నుంచి వచ్చిన శౌరయ్య చెల్లెలు తెరేసమ్మ గుమ్మడికాయ కోస్తోంది.

"ఎవరూ, పక్కింటి అమ్మగారా! రండి రండి. గడప తగలకుండా చూసుకుని రండి, మళ్ళీ పంపు కింద కూచోవాల్సొస్తుంది. కాలవలు కట్టేసి బావులు అడుగంటిన రోజులు, నీళ్ళు దండగ."

"ఊరుకో తెరేసమ్మా," అంది లోపల్నుంచి అమలమ్మ.

మాణిక్యమ్మ లోపలికి వెళ్ళి నిలబడింది. అమలమ్మ చాప మీద కూర్చుని శౌరయ్య ఖాకీ చొక్కా జేబును తిరగేసి, కుట్టు మూలలో ఇరుక్కున్న రంపపు పొట్టును వేలిగోటితో తీస్తోంది. తీసిన పొట్టును పారెయ్యకుండా పక్కనే ఒక ఆకులో పెడుతోంది. లేచి ముక్కాలి పీట వేసింది. మాణిక్యమ్మ కూర్చోలేదు.

"చావు ఇంటికి వెళ్ళి వస్తే పోసుకోవడం మా ఆచారం అమలమ్మా. మా అన్న పోయిననాడు కూడా పోసుకున్నాను. ఇందులో మీరని, మేమని లేదు."

"నిజమేనండి. కాదని నేననలేదు గదా."

"మరి గండి ఎందుకు మూయిస్తున్నావు?"

"నాకు అక్కర్లేదండి."

"అత్తయ్యను కదిపే దిక్కు లేదు. వీపంతా ఒరుసుకుపోయింది..."

"ఆమెకు అక్కరేనండి. నాకు అక్కర్లేదన్నాను." అమలమ్మ చొక్కా మడిచి రెండో చొక్కా తీసుకుంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే మాణిక్యమ్మకు బదులు చెప్పడం సులువయ్యేది.

తెరేసమ్మ కత్తిపీట పక్కకు నెట్టి గుమ్మంలోకి వచ్చింది. "మా అన్న ఉన్నన్నాళ్ళూ నవ్వి ఊరుకున్నాడండి. మీ ముసలమ్మగారు నీళ్ళు చల్లుకుంటే నవ్వాడు, మీరు చెంబు తెస్తే నవ్వాడు. ఇంటికొచ్చి మా వదినకు చెప్పి కూడా నవ్వేవాడు. ఆ నవ్వు ఆయనతో పోయింది. ఇప్పుడు ఈవిణ్ణి కూడా నవ్వమంటే ఎట్టా?"

మాణిక్యమ్మకు జవాబు ఉంది. ఆ చెంబు తనది కాదు. పాతకాలపు మనిషి, అత్తగారిది. తను చదువుకున్నది, కొంగు తగిలితే స్నానం చేసే రకం కాదు. ఆ మాటలన్నీ నోటి దాకా వచ్చాయి. రంపపు పొట్టు ఉన్న ఆకును అమలమ్మ గాలికి ఎగరకుండా అరచేత్తో కప్పడం చూసి, అనలేకపోయింది.

ఆ సాయంత్రం రావమ్మ కుర్చీ అడగలేదు. అడగకపోవడం అరుపు కంటే భరించలేనిదిగా ఉంది. రోజంతా ఒకే వైపు పడుకున్న మనిషి వీపు కింద మాణిక్యమ్మ పాత పంచె మడతలు పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. బసవపున్నయ్య నర్సును కుదురుస్తానన్నాడు. రైల్వే సమ్మె ముగిసి కొట్టుకు సరుకు రావడం అప్పుడే మొదలైంది. ఆయన ధ్యాసంతా అక్కడే ఉంది.

మూడోరోజుకు గోడ నడుమెత్తు లేచింది. భోజనాల వేళ దాటాక, వీధి తలుపు గడియ వేసుకుని, మాణిక్యమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపి మంచం దగ్గరకు వచ్చింది.

"అత్తయ్యా, నేనే లేపుతాను. మెడ పట్టుకోండి."

"నీ వల్ల అవుతుందటే?"

"అవుతుంది. ఇన్నాళ్ళూ చూళ్ళేదూ?"

నిజమే, చూసింది. ఒక చెయ్యి రెక్కల కింద, ఒక చెయ్యి మోకాళ్ళ కింద. రావమ్మ ఊపిరి వదిలింది, కళ్ళు మూసుకుంది, ఎదురుచూసింది. ఆమె ఎదురుచూస్తున్నది ఏమిటో మాణిక్యమ్మకు తెలుసు. నోరు రాలేదు. దేవుడి గది పక్కనే ఉంది. నుదుటిన బొట్టు పెట్టుకుని ఆ పేర్లు ఎలా అనడం? "ఒకటి," అంది. "రెండు" అనేసరికే తను లేపబోయింది. ముసలావిడ చెయ్యి ఇంకా మెడ మీద పడలేదు. మంచం పట్టె మీంచి ముసలావిడ జారింది. అత్తాకోడళ్ళిద్దరూ ఒకరి మీద ఒకరు నేల మీద పడ్డారు. రావమ్మ వేసిన కేకకు పెరట్లో తాపీ చప్పుడు ఆగిపోయింది.

"ఏవైందమ్మా?" అని జక్కయ్య అరిచాడు. అవతల గిన్నె ఏదో కింద పెట్టిన శబ్దం. అమలమ్మ గొంతు ఏమిటని అడిగింది. మళ్ళీ జక్కయ్య, "గోడ నడుమెత్తే గదమ్మా, దాటండి, చెయ్యందిస్తాను," అనడం నేల మీద నుంచే మాణిక్యమ్మకు స్పష్టంగా వినిపించింది.

తర్వాత ఏ శబ్దమూ లేదు. రావడం లేదు, అనుకుంది మాణిక్యమ్మ. రాకపోవడం న్యాయమే అని కూడా అనుకుంది. అత్తగారి తల ఒళ్ళోకి తీసుకుని, ఎక్కడ నొప్పి అని అడుగుతూ, అడిగిందే మళ్ళీ అడుగుతూ కూర్చుంది.

అప్పుడు ఇంటి అవతలి కొస నుంచి వీధి తలుపు దబదబ మోగింది.

మాణిక్యమ్మ అత్తగారి తల కింద దిండు జరిపి పరుగెత్తింది. గడియ తీసింది. అమలమ్మ రొప్పుతూ గుమ్మంలో నిలబడి ఉంది. ఎండకు కాళ్ళు కాలుతున్నట్టు ఒక పాదం మీద మరో పాదం ఆనించింది. చెప్పులు వేసుకోవడానికి కూడా ఆగలేదు. అయినా గోడ దాటకుండా వీధంతా చుట్టి వచ్చింది. మాణిక్యమ్మ పక్కకు తప్పుకుంది. అమలమ్మ కుడి ఎడమలు చూడకుండా హాలు దాటి వెనక గదిలోకి వెళ్ళింది.

"మీరు కాళ్ళవైపు. మోకాళ్ళ కింద రెండు చేతులూ పెట్టండి. ఆమె ఊపిరి వదిలేదాకా కదపొద్దు." తను మోకాలు నేలకు ఆనించి, చెయ్యి రెక్కల కిందికి జొనిపింది. ఆ చెయ్యి జొనిపిన తీరు శౌరయ్యదే. ఇంట్లో ఎన్నిసార్లు చేసి చూపించాడో.

రావమ్మ ఊపిరి వదిలింది. ముగ్గురూ ఆగారు. అమలమ్మ నోరు తెరిచింది, మళ్ళీ మూసుకుంది.

"యేసు," అంది రావమ్మ. ఆమె చెయ్యి అమలమ్మ మెడ చుట్టూ పడింది. "మరియమ్మ." బరువు నేలను వదిలింది. అక్కడ ముసలావిడకు ఊపిరి చాల్లేదు. అంతా గాలిలో ఆగిపోయినట్టయింది.

"జోజప్ప," అంది మాణిక్యమ్మ.

రావమ్మ కుర్చీలో ఉంది. తుంటికి కొత్తగా దెబ్బేమీ తగల్లేదని అమలమ్మ తడిమి చూసి నిర్ధారించుకుంది. దిండు సర్ది, పక్కకు జరిగింది. అప్పుడు, ఎవరూ అడక్కుండానే, మాణిక్యమ్మ చెయ్యి గూట్లోకి పోయి నీళ్ళ చెంబును అందుకుంది. అందుకున్నాక గాని అది తన చెయ్యని ఆమెకు తెలియలేదు.

"అదెందుకే ఇప్పుడు?" అంది రావమ్మ.

"మీరు చల్లుకోవాలి గదా అత్తయ్యా."

"నేనెప్పుడడిగానే?"

"అడగకపోవడమేవిటి! మొదటి రోజు నుంచీ..."

"మొదటిరోజు నువ్వు తెచ్చి నా ముందు పెట్టావు. పెద్దింటి నుంచి వచ్చినదానివి, చల్లుకోకపోతే ఏమనుకుంటావో అని చల్లుకున్నాను. నెత్తిన పడ్డ నీళ్ళు చెవుల్లోకి కారేవి. నాకేం సరదాటే?"

చెంబు మాణిక్యమ్మ చేతిలోనే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు. మొదటిరోజును వెనక్కి తిప్పి చూసుకుంది. చెంబు కనిపించింది, దాన్ని పట్టుకున్న గాజుల చెయ్యి కనిపించింది. అడిగిన గొంతు ఎంత వెతికినా వినిపించలేదు.

అమలమ్మ ఇద్దరి వంకా చూసింది. "బాగుందండీ. ఆవిడ కోసం మీరు చెంబు తెచ్చారు, మీకోసం ఆవిడ చల్లుకున్నారు. తల వంచింది మాత్రం మా ఆయన."

అమలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని వెనక గుమ్మం వైపు ఒక అడుగు వేసి, ఆగి, హాలు వైపు తిరిగింది. మాణిక్యమ్మ వెంట నడిచింది.

"గోడ ఆపమని చెప్పనా అమలమ్మా?" అంది గుమ్మం దగ్గర.

"ఆపొద్దండి. పూర్తికానివ్వండి." టేకు తలుపు మీద అరచెయ్యి ఆనించింది. "ఈ తలుపు చేసింది ఆయన. మీ ఇల్లు కడుతున్నప్పుడు, ఇంకా గచ్చు కూడా పొయ్యకముందు బిగించాడు. ఆ తర్వాత ఇందులోంచి ఏనాడూ రాలేదు. మీ హాలు గచ్చు ఏ రంగో కూడా ఆయనకు తెలీదు. ఏ రంగై ఉంటుందా అని ఇంట్లో అనుకునేవాళ్ళం, ఊసుపోక." అరచెయ్యి తలుపు మీంచి తీసింది. "పెరటి దారి ఆయనకు సరిపోయింది. ఆయన అట్టాంటి మనిషి. నేను కాదు. పొద్దున, సాయంత్రం వచ్చి పెద్దమ్మగారిని లేపుతాను. ఇటు నుంచి వస్తాను. గడియ తీసి ఉంచండి."

మర్నాడు తెలతెలవారుతుండగానే మాణిక్యమ్మకు మెలకువ వచ్చింది. పెరట్లోకి వెళ్ళింది. గండి ఉన్నచోట కొత్త ఇటుకలు పాత గోడ కంటే ఎర్రగా కనిపిస్తున్నాయి. సున్నం ఇంకా ఆరలేదు. గూట్లోంచి చెంబు తీసి, అందులోని నీళ్ళను కరివేపాకు మొదట్లో పోసి, చెంబును బోర్లించింది. వీధి తలుపు గడియ తీసింది. ఎవరైనా చూస్తారేమో అనుకుంది, తలుపు దగ్గరికి వేసింది. వేసి, మళ్ళీ పూర్తిగా తెరిచింది. ఎదురింటి అరుగు మీద పళ్ళు తోముకుంటున్న పెద్దమనిషి తలెత్తి చూశాడు. చూడనిచ్చింది.

వెలుగు వచ్చేసరికి అమలమ్మ వచ్చింది. తెల్లచీర, చేతికి జపమాల. గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి అడుగు పెట్టి, ఈసారి ఆగింది. తల వంచి నేల వంక చూసింది. పాదం ముందుకు జరిపి, బొటనవేలితో గచ్చును మెల్లగా రాసి చూసింది.

"ఎరుపా!" అంది.

"ఎరుపే."

"ఆయన పచ్చ అనేవాడు. మీ కిటికీ తలుపులకు పచ్చరంగు గదా, గచ్చూ అదే పోయించి ఉంటారని పందెం కాశాడు." అమలమ్మ నవ్వబోయింది. ఆ నవ్వు సగం దాకా వచ్చింది. "నేనే గెలిచాను. ఇప్పుడు ఎవరికి చెప్పను?"

వెనక గది నుంచి మంచం కిర్రుమంది. రావమ్మ గట్టిగా ఊపిరి వదలడం హాల్లోకి వినిపించింది.

"రండి," అంది అమలమ్మ. "కాళ్ళవైపు మీరు."